కజాఖుభాషలో క్రియారూపనిష్పత్తి — తెలుగు అభ్యాసకుని దృష్టి

కజాఖుభాష తుర్కీ భాషాకుటుంబమున కిప్చాక్ శాఖకు చెందినది. 1989లో కజాఖ్‌స్థానమున దీనికి రాజ్యభాషాస్థానము శాసనపూర్వకముగా లభించినది. ఆ దేశమునందేకాక చైనా, మంగోలియా, ఉజ్బెకిస్తాన్, రష్యా దేశములందును దీనిని మాట్లాడువారు కలరు. ఈ భాషలో క్రియ ఎట్లు నిష్పన్నమగునో, తెలుగువ్యాకరణము చదివినవాడు దానిని ఏ క్రమమున గ్రహింపవచ్చునో వివరించుట ఈ వ్యాసమున కుద్దేశము.

తెలుగుశాఖవారి పత్రికలో కజాఖుక్రియకు చోటేల యని ఎవరైన అడుగవచ్చును. దానికి రెండు కారణములు చెప్పుదుము. వైద్యవిద్యకై కజాఖ్‌స్థానమునకు పోవు భారతీయవిద్యార్థులలో తెలుగువారును కలరు. అచ్చటి రోగులతో వారు మాట్లాడవలసియున్నది. ఈ భాష వారికి సామాన్యముగా ఇంగ్లీషుద్వారమున గాని రష్యనుద్వారమున గాని చేరును. ఆ ద్వారమున వచ్చునప్పుడు మనకు పుట్టుకతో అబ్బిన విషయములు గూడ విడ్డూరములై కన్పట్టును. నిజముగా క్రొత్తవైన విషయములు మాత్రము ఆ గుంపులో మరుగుపడును. ఇది మొదటి కారణము. ఇక రెండవది పరిశోధకులకు సంబంధించినది. ఒక పరాయిభాషాక్రియను మన వ్యాకరణపరిభాషతో వివరింప యత్నించినపుడు, ఆ పరిభాష ఎంతవరకు సమర్థమో, మన క్రియలో మనకే ప్రత్యేకమైన దేదియో, అనేకభాషలకు సామాన్యమైన దేదియో విశదమగును.

లిపిని గూర్చి ఒక మాట. కజాఖుభాష పూర్వము అరబ్బీలిపిలోను, 1929 నుండి లాటిన్ లిపిలోను, 1940 నుండి 42 అక్షరములుగల సిరిలిక్ లిపిలోను వ్రాయబడుచు వచ్చినది. లాటిన్ లిపికి మరల మారవలెనని 2017లో శాసనము వెలువడినది. ఇచ్చట ఉదాహరణములను తెలుగులిపిలోనే వ్రాయుచున్నాము. 'ౙ' అనునది తెలుగులోని దంత్యజకారమునకు దగ్గరగానుండు ఊష్మధ్వని. 'ఙ్' అనునది అనునాసికము. కజాఖులో ఇకారము రెండు విధములు: నాలుక వెనుకకు లాగి పలుకునది యొకటి, ముందునకు జరపి పలుకునది యొకటి. ఈ రెంటిని ఒకే గుర్తుతో చూపుచున్నాము. ఏది యెచ్చట పలుకవలయునో ధాతువులోని అచ్చే చెప్పును. ఎట్లన్నచో, అదియే మన మొదటి పాఠము.

1. స్వరసామ్యము

కజాఖు అచ్చులు రెండు జట్లు: పశ్చాదచ్చులు, అగ్రాచ్చులు. దేశ్యపదములలో సామాన్యముగా ఒకేజట్టు అచ్చులు మాత్రమే యుండును. ధాతువున ఏ జట్టు అచ్చుండునో, దానిపై వచ్చు ప్రత్యయములన్నియు ఆ జట్టునకే మారును. 'బర్' అనగా పోవు. 'కెల్' అనగా వచ్చు. మొదటిది పశ్చాజ్జాతి, రెండవది అగ్రజాతి. కనుక 'పోకుము' అనుటకు 'బర్మ', 'రాకుము' అనుటకు 'కెల్మె'. 'పోయిన' అనుటకు 'బర్గన్', 'వచ్చిన' అనుటకు 'కెల్గెన్'. ప్రత్యయ మొక్కటే, వేషములు రెండు.

ఈ విషయము తెలుగువానికి నూతనము కాదు. తండ్రికి–అన్నకు, తండ్రిని–అన్నను అని మనము అనాయాసముగా పలుకుచున్నాము. ఇకారముమీద వచ్చిన కు, ను, వు వర్ణకములయొక్కయు, క్రియావిభక్తులయొక్కయు ఉకారము ఇకారమగునని చిన్నయసూరి బాలవ్యాకరణమున సూత్రీకరించినాడు. క్రియలో చూడుడు:

చేసితిని – చేసెదను
చేసితివి – చేసెదవు
చేసితిమి – చేసెదము

ఇచ్చట 'ని–ను', 'వి–వు', 'మి–ము' అనునవి వేర్వేరు ప్రత్యయములు కావు. పూర్వాచ్చునుబట్టి మారిన ఒకే ప్రత్యయములు. దీనిని స్పష్టముగా ఎరిగిన విద్యార్థికి కజాఖుస్వరసామ్యము అర్థమగుటకు ఒక గంట చాలును. అయితే భేదము గూడ కలదు. తెలుగులో ఈ ప్రభావము రెండుదిక్కులకు నడచును. 'అడుగు' ధాతువు 'అడిగి' యగునపుడు ప్రత్యయములోని ఇకారము వెనుకకు పోయి ధాతువునడిమి అచ్చును మార్చుచున్నది. కజాఖులో అట్లు జరుగదు. అందు ధాతువు రాజు, ప్రత్యయములు పరివారము. ఆజ్ఞ ముందునుండి వెనుకకే నడచును.

అచ్చులకు వలెనే హల్లులకును నియమ మున్నది. ధాతువు చివర శ్వాసహల్లు ఉన్నచో ప్రత్యయారంభమునను శ్వాసహల్లే వచ్చును. వ్యతిరేకప్రత్యయమును తీసికొందము. అచ్చుమీదను, ర, ల వంటి ధ్వనులమీదను 'మ–మె' వచ్చును: బర్మ, కెల్మె. ౙకారాదులమీదను అనునాసికములమీదను 'బ–బె' వచ్చును: జౙ్బ (వ్రాయకుము), సెన్బె (నమ్మకుము). శ్వాసహల్లులమీద 'ప–పె' వచ్చును: అయ్త్ప (చెప్పకుము), కెత్పె (వెడలిపోకుము). ఆరు రూపములను కంఠస్థము చేయువాడు అలసిపోవును. ఒక్క సూత్రమును గ్రహించినవానికి ఆరును తామే వచ్చును.

2. ధాతువును గుర్తించుట

నిఘంటువులలో కజాఖుక్రియ ఉకారాంతముగా కన్పట్టును: బరు (పోవుట), కెలు (వచ్చుట), జౙు (వ్రాయుట), కొరు (చూచుట). ఇది మన భావార్థకమువంటిది. చివరి ఉకారమును తొలగించినచో ధాతువు మిగులును. ఆ ధాతువే మధ్యమపురుషైకవచన విధిరూపము గూడ. 'బర్' అనిన పొమ్ము. 'కెల్' అనిన రమ్ము.

ఇందొక చిక్కు కలదు. ధాతువు చివరనున్న ప, క వర్ణములు అచ్చుల నడుమ సరళములగును. 'శిగు' (వెలికి వచ్చుట) అను నిఘంటురూపమునుండి 'శిగ్' అను ధాతువును తీయరాదు, ధాతువు 'శిక్'. కావున 'వెలువడెను' అనుటకు 'శిక్తి', 'వెలువడుదును' అనుటకు 'శిగమిన్'. ఇట్లే 'తబు' (కనుగొనుట) అనుదానికి ధాతువు 'తప్': తప్తిమ్, తబమిన్, క్త్వార్థమున తవిప్. పరుషములు సరళములగుట మనకు సంధిప్రకరణమున పరిచితమే. ఇట్టి కొలది మార్పులు తప్ప కజాఖుధాతువులు మిక్కిలి నిలుకడ గలవి. వచ్చు, రా, రమ్ము అని ఒకే క్రియను మూడు మొగములతో చూపు తెలుగుతో పోల్చినచో ఈ భాష విద్యార్థిపట్ల దయగలదనియే చెప్పవలెను.

ధాతువుమీద ప్రత్యయములు వచ్చు వరుస గూడ స్థిరము. మొదట ప్రేరణాది ప్రత్యయము, పిదప వ్యతిరేకము, పిదప కాలము, తుదకు పురుష. 'జౙ్-దిర్-మ-ది-మ్' అను పదమును విడదీసి చూడుడు. జౙ్ ధాతువు, దిర్ మన 'ఇంచు'వంటి ప్రేరణము, మ వ్యతిరేకము, ది భూతకాలము, మ్ ఉత్తమపురుష. 'నేను వ్రాయింపలేదు' అని యర్థము. ఒక్కొక్క యర్థమునకు ఒక్కొక్క ప్రత్యయము, పూసలదండలో పూసలవలె. 'ఒకి' అనగా చదువు; 'ఒకిత్' అనగా చదివించు, బోధించు. 'జౙిల్' అనగా వ్రాయబడు. 'కొరిస్' అనగా ఒకరినొకరు చూచుకొను, కలిసికొను.

3. పురుషప్రత్యయములు: రెండు వరుసలు

కజాఖుక్రియాధ్యయనమున ముఖ్యముగా నేర్వవలసినది పురుషప్రత్యయముల రెండు వరుసలు. వీనిని వేరుచేసి నేర్చుకొననివాడు ఎంతకాలమైనను తడబడుచునే యుండును.

మొదటి వరుస హ్రస్వమైనది. ఇది నిశ్చితభూతమునందును చేదర్థకమునందును వచ్చును.

మెన్ బర్దిమ్ – నేను పోతిని
సెన్ బర్దిఙ్ – నీవు పోతివి
సిౙ్ బర్దిఙిౙ్ – మీరు పోతిరి (ఒకరిని గౌరవించి)
ఒల్ బర్ది – అతడు, ఆమె, అది పోయెను
బిౙ్ బర్దిక్ – మేము, మనము పోతిమి
సెన్దెర్ బర్దిఙ్దర్ – మీరు పోతిరి (పలువురు)
సిౙ్దెర్ బర్దిఙిౙ్దర్ – మీరు పోతిరి (పలువురిని గౌరవించి)
ఒలర్ బర్ది – వారు, అవి పోయిరి, పోయెను

చేదర్థకమున బర్సమ్ (నేను పోయినచో), బర్సఙ్ (నీవు పోయినచో), బర్స, బర్సక్ అని వచ్చును. తెలుగు చేదర్థకమున పురుషభేదము లేదు, కజాఖులో కలదు. ఇది మనము క్రొత్తగా అలవరచుకొనవలసినది. ఈ వరుసలోని మ్, ఙ్ అనునవి నామములమీద స్వామ్యార్థమున వచ్చు ప్రత్యయములతో సమానములు: కితబిమ్ (నా పుస్తకము), కితబిఙ్ (నీ పుస్తకము). ఉత్తమపురుష బహువచనమున మాత్రము పోలిక తప్పుచున్నది.

రెండవ వరుస దీర్ఘమైనది. ఇది సర్వనామములనుండి పుట్టినది. 'మెన్' (నేను) నుండి 'మిన్', 'సెన్' (నీవు) నుండి 'సిఙ్', 'సిౙ్' (మీరు) నుండి 'సిౙ్'. ఇవి క్రియలమీదనే కాక నామములమీదను నేరుగా చేరును:

మెన్ ముగలిమ్మిన్ – నేను ఉపాధ్యాయుడను
సెన్ బలసిఙ్ – నీవు బాలుడవు
ఒల్ ముగలిమ్ – అతడు ఉపాధ్యాయుడు

ఇచ్చట తెలుగుపాఠకుడు ఒకింత ఆగవలెను. ఇంగ్లీషుద్వారమున చదువువానికి క్రియ లేని ఈ వాక్యము వింత. మనకో, ఉపాధ్యాయుడను, బాలుడవు, విద్యార్థులము అని నామమునకే పురుషప్రత్యయము చేర్చుట శుద్ధమైన తెలుగు సంప్రదాయము. ప్రథమపురుషమున ఏ ప్రత్యయమును లేకుండుట గూడ రెండుభాషలకును సమానమే. ఈ వరుసయందును హల్లునియమము వర్తించును: కౙక్పిన్ (నేను కజాఖును), కిౙ్బిన్ (నేను బాలికను). 'ముగలిమ్' అనునది అరబ్బీపదము. దాని మొదటి అచ్చులు పశ్చాజ్జాతివైనను తుది అచ్చు అగ్రజాతిది కావున ప్రత్యయము తుది అచ్చునే అనుసరించినది.

మూడు హెచ్చరికలు. 'బర్దిమ్' చివరి మకారము ఏకవచనమునకు గుర్తు. పోతిమి, చేసితిమి అను మన రూపములలో మకారము బహువచనము. చెవికి దగ్గరైన ఈ ధ్వని మనలను తప్పుదారి పట్టించుట సులభము. రెండవది, కజాఖులో లింగభేదము లేదు. 'ఒల్' అను సర్వనామము స్త్రీపురుషులకును పశుపక్షులకును వస్తువులకును సమానము. ప్రాచీనకావ్యభాషలో రాముడు వచ్చెను, సీత వచ్చెను, ఆవు వచ్చెను అని ఒకే క్రియారూపము వాడుచుంటిమి. ఆ స్థితిని తలచుకొన్నచో ఇందు కష్టము తోపదు. మూడవది, మేము–మనము అను భేదము కజాఖులో లేదు. రెంటికిని 'బిౙ్' ఒక్కటియే.

4. తద్ధర్మమును భూతమును

కజాఖులో వర్తమానభవిష్యద్రూప మొకటి కలదు. ధాతువుమీద అ–ఎ చేర్చి, అజంతధాతువైనచో య్ చేర్చి, రెండవ వరుస ప్రత్యయములను పెట్టినచో అది ఏర్పడును: బరమిన్, బరసిఙ్, బరసిౙ్, బరది, బరమిౙ్, కెలెమిన్, కెలెసిఙ్, కెలెది. 'బరమిన్' అనగా ప్రతిదినము పోవుదును అనియు, రేపు పోవుదును అనియు అర్థము. ఈ క్షణమున పోవుచున్నానను అర్థము దీనికి సామాన్యముగా లేదు.

ఇంగ్లీషుపరిభాషతో దీనిని వర్తమానమనవలెనా, భవిష్యత్తనవలెనా యని విద్యార్థి తికమకపడును. మన వ్యాకరణమున దీనికి సిద్ధముగా ఒక పేరున్నది, అదియే తద్ధర్మము. సూర్యుడు తూర్పున ఉదయించును అనుచోటను, అతడు రేపు వచ్చును అనుచోటను మనము వాడునది ఒకే రూపము. నేటి వ్యవహారములో 'వెళ్తాను' అనునది గూడ అలవాటును రేపటిపనిని రెంటిని తెలుపుచున్నది. కావున బరమిన్ అనగా పోవుదును అని ఒక్కమాటలో చెప్పినచో తెలుగువానికి సందేహ ముండదు.

ఇచ్చట జాగరూకత వహింపవలసిన స్థల మొకటి కలదు. 'బర్ది' అనిన పోయెను. 'బరది' అనిన పోవును. భేద మొక్క అకారము. పైగా రెంటి చివరను 'ది' యున్నది. ఈ రెండు 'ది'లును ఒకటి కావు. మొదటిది భూతప్రత్యయము. రెండవది 'తుర్' (నిలుచు) అను సహాయక్రియ అరిగి మిగిలిన శేషము. 'పోవుచు నిలుచును' అనునది క్రమముగా 'పోవును' అయినది. అసమాపకక్రియకు స్థిత్యర్థకధాతువు చేరి క్రొత్త కాలరూప మేర్పడుట మన భాషలోను జరిగినది. చేయుచు, ఉన్నాడు అను రెండు పదములు 'చేయుచున్నాడు' అయి, వ్యవహారమున 'చేస్తున్నాడు' అయినవి. కజాఖుపదములో ఆ సంకోచము ఇంకను ముందునకు సాగినది, అంతియే.

5. అసమాపకక్రియ

కజాఖువాక్యమునకు వెన్నెముక అసమాపకక్రియ. 'ఇప్' (అచ్చుమీద 'ప్') చేరిన రూపము మన క్త్వార్థకము:

మెన్ ఉయ్‌గె కెలిప్, శయ్ ఇశిప్, కితప్ ఒకిదిమ్.
నేను ఇంటికి వచ్చి, తేనీరు త్రాగి, పుస్తకము చదివితిని.

పదమునకు పదము సరిపోవుచున్నది. కాలము, పురుష తుదిక్రియపై మాత్రమే నిలిచినవి. దీనిని ఇంగ్లీషులోనికి మార్చినచో వాక్యనిర్మాణమంతయు చెదరిపోవును. తెలుగులో ఒక్క పదమైనను స్థానము మార్చవలసిన పనిలేదు.

ఈ రూపమునకు సహాయక్రియ చేరి అర్థచ్ఛాయలు కల్గును. 'జెప్ కొర్' అనగా తిని చూడుము. 'కొర్' అనగా చూచుట. యత్నించుట అను అర్థము మనకు వలెనే వారికిని ఆ ధాతువునుండియే వచ్చినది. 'జౙిప్ అల్' అనగా వ్రాసికొనుము. 'అల్' అనగా తీసికొను, మన 'కొను' ధాతువునకు సమానార్థకము. 'జౙిప్ బెర్' అనగా వ్రాసి యిమ్ము, పరులకొరకు వ్రాసిపెట్టుము. ఆత్మార్థము 'కొను'చేతను, పరార్థము 'ఇచ్చు'చేతను తెలుపబడుట రెండుచోట్లను చూచుచున్నాము.

'అని' శబ్దమునుగూర్చి గూడ ఇచ్చటనే చెప్పవలెను. 'దె' అనగా అను. దాని క్త్వార్థకము 'దెప్', అనగా అని.

ఒల్ ఎర్తెఙ్ కెలెమిన్ దెప్ అయ్త్తి.
అతడు రేపు వచ్చెదనని చెప్పెను.

అతడు చెప్పినదైనను లోపలిక్రియ ఉత్తమపురుషలోనే యున్నది. మన 'వచ్చెదనని' అనుదానిలోను అంతే.

ఇక క్రొత్తది. ఈ క్షణమున జరుగుచున్న పనిని తెలుపుటకు తెలుగులో 'ఉండు' ధాతు వొక్కటి చాలును. కజాఖులో నాలుగు కలవు: జతిర్ (పరుండు), ఒతిర్ (కూర్చుండు), తుర్ (నిలుచు), జుర్ (తిరుగు). ఇవి కాలప్రత్యయము లేకుండ నేరుగా రెండవ వరుసను గ్రహించును.

మెన్ హత్ జౙిప్ ఒతిర్మిన్ – నేను ఉత్తరము వ్రాయుచున్నాను (కూర్చుండి)
ఒల్ ఉయిక్తప్ జతిర్ – అతడు నిద్రించుచున్నాడు
జఙ్బిర్ జవిప్ తుర్ – వాన కురియుచున్నది
ఒల్ యూనివెర్సితెత్తె ఒకిప్ జుర్ – అతడు విశ్వవిద్యాలయమున చదువుచున్నాడు

చివరి వాక్యమున అతడు ఈ నిమిషమున పుస్తకము పట్టియుండనక్కరలేదు. కొంతకాలముగా సాగుచున్న పనికి 'జుర్' తగును. ఏ స్థితిలోనుండి ఆ పని చేయుచున్నాడో, అది క్షణికమో దీర్ఘమో ఆలోచించి క్రియ నెన్నుకొనవలెను. పోవు, వచ్చు క్రియలకు మాత్రము 'ఇప్' బదులు అ–ఎ రూపము వచ్చును: బర జతిర్మిన్ (పోవుచున్నాను), కెలె జతిర్మిన్ (వచ్చుచున్నాను).

వైద్యవిద్యార్థికి ఈ భేదము పుస్తకములోని ముచ్చట కాదు. 'బసిమ్ అవిరిప్ తుర్' అని రోగి చెప్పినచో ఇప్పుడు తల నొచ్చుచున్నదని యర్థము. 'బసిమ్ అవిరది' అనినచో తలనొప్పి వచ్చుచుండునని, అలవాటుగానున్నదని అర్థము. 'అవిర్ది' అనినచో నొప్పి కలిగినదని. ఈ మూడింటిని ఒకటిగా విన్న వైద్యుడు వ్యాధిచరిత్రనే మార్చి వ్రాయును.

6. భూతకాలభేదములు: చూచినదియు విన్నదియు

'బర్ది' అనునది నిశ్చితభూతము; వక్త తా నెరిగినట్లుగా చెప్పునది. 'బర్గన్' అనునది అనుభవసిద్ధమైన పూర్వభూతము: బర్గన్మిన్ అనగా నేను పూర్వము పోయియున్నాను. 'బరిప్తి' అనునది పరోక్షము. అతడు పోయెనట, పోయినట్లున్నది అని దానికి అర్థము. చూడనిదానిని, ఇతరులవలన విన్నదానిని, ఆనవాళ్ళనుబట్టి ఊహించినదానిని ఈ రూపముతో చెప్పుదురు. జానపదకథలు 'బొలిప్తి' (ఉండెనట) అను రూపముతో ప్రారంభమగుటకు కారణ మిదియే. మన కథలలోను ఒక ఊరిలో ఒక రాజు ఉండెనట అనియే గదా చెప్పుదుము.

మనము 'అట' యను పదమును విడిగా చేర్చుచున్నాము. వారు క్రియారూపముననే నిలుపుచున్నారు. అందువలన ఉత్తమపురుషలో చిత్రమైన ప్రయోగము సాధ్యమగును. 'ఉయిక్తప్ కలిప్పిన్' అనగా నాకు తెలియకయే నిదురపోయితిని గాబోలు అని భావము. తన పనినే తాను చూడనివానివలె చెప్పుట. చూచినదానికి 'బర్ది' యనక 'బరిప్తి' యన్నచో వక్త తన సాక్ష్యమును తగ్గించుకొన్నట్లగును. చూడనిదైనను నిశ్చితమని తా నెరిగినదానికి 'బర్ది' చెల్లును. తెలుగులో 'అట' లేకుండ వాక్యము తటస్థముగా నిలువగలదు. 

'బర్గన్' రూపమునకు మరియొక ప్రయోజనము కలదు, అది క్రియాజన్యవిశేషణము. 'మెన్ ఒకిగన్ కితప్' అనగా నేను చదివిన పుస్తకము. సంబంధసర్వనామము లేదు, విశేషణము విశేష్యమునకు ముందున్నది. 'కెలెర్ జిల్' అనగా వచ్చు సంవత్సరము. ఇది మన తద్ధర్మవిశేషణమే. ఈ 'అర్–ఎర్' రూపమే పురుషప్రత్యయములతో సంభావనార్థకభవిష్యత్తగును: బరర్మిన్ (పోవుదునేమో), వ్యతిరేకమున బర్మస్పిన్. సంకల్పమునకు బర్మక్పిన్ లేక బర్మక్శిమిన్ (పోదలచితిని) అందురు.

7. వ్యతిరేకమును ప్రశ్నయు

తెలుగులో చేయను, చేయవు, చేయడు అను వ్యతిరేకరూపములు ప్రత్యేకనిర్మాణము గలవి; వీనిలో కాలవిభాగము స్పష్టముగా లేదు. కజాఖులో వ్యతిరేకము ధాతువునకు చేరి క్రొత్తధాతువువలె ప్రవర్తించును. 'బర్మ' మీద కాలప్రత్యయములు యథాప్రకారము వచ్చును: బర్మదిమ్ (పోలేదు), బర్మయ్మిన్ (పోను). కావున ఇందు నేర్వవలసినది తక్కువ.

కాని వర్తమానమున మార్గము వేరు. 'జౙిప్ ఒతిర్గన్ జొక్పిన్' అనగా నేను వ్రాయుట లేదు. 'జొక్' అనగా లేదు. దానికి ప్రతిపక్షము 'బర్', అనగా కలదు. (పోవు అను అర్థముగల 'బర్' వేరు, ధ్వనిసామ్యమే కాని సంబంధము లేదు.) కలదు–లేదు అను జంటలో 'లేదు' సహాయక్రియయై వ్యతిరేకవాక్యములను నిర్మించుట రెండుభాషలకును సామాన్యలక్షణము.

ప్రశ్నార్థకమున వాక్యాంతమున మ–మె, బ–బె, ప–పె అను అవ్యయము వచ్చును. 'ఒల్ కెల్ది మె?' అనగా అతడు వచ్చెనా? ఇది వ్యతిరేకప్రత్యయమువలె వినిపించినను స్థానముచేత భిన్నము. కాలప్రత్యయమునకు ముందున్నచో నిషేధము. వాక్యము తుదనున్నచో ప్రశ్న.

8. బోధనాక్రమము

పై విషయములనుబట్టి తెలుగువారికి బోధించుటకు ఈ క్రమమును మేము సూచించుచున్నాము. మొదట స్వరసామ్యము, విధిరూపము. పిదప 'ముగలిమ్మిన్' వంటి నామవాక్యములు. వీనితో రెండవ వరుస పురుషప్రత్యయములు అనాయాసముగా పట్టుబడును. అటుపిమ్మట అవే ప్రత్యయములతో తద్ధర్మము. మొదటి వరుసతో నిశ్చితభూతమును చేదర్థకమును దాని తరువాత. అనంతరము క్త్వార్థకము, 'దెప్', క్రియాజన్యవిశేషణము. వీనిని తెలుగువాక్యముల ప్రక్కన వ్రాసి చూపినచో దీర్ఘవివరణ మక్కరలేదు. మిగిలిన కాలమంతయు నిజముగా క్రొత్తవైన వానికి వినియోగింపవలెను: నాలుగు సహాయక్రియల వివేకము, పరోక్షభూతము, గౌరవభేదముతో నాలుగువిధములైన మధ్యమపురుష. మన 'మీరు' పలువురకును గౌరవనీయుడగు ఒక్కనికిని చెల్లును. కజాఖులో 'సిౙ్' ఒక్కనికే, పలువురకు 'సిౙ్దెర్'. పెద్దవారిని 'సెన్' అని పిలుచుట మన 'నీవు' వలెనే నొప్పించును.

9. సాదృశ్యము, బాంధవ్యము

ఇన్ని పోలికలు చూచిన పిదప ఈ రెండుభాషలు చుట్టములా యను ప్రశ్న పుట్టక మానదు. ఇది క్రొత్తప్రశ్న కాదు. 1856లో ప్రకటితమైన ద్రావిడభాషల తులనాత్మకవ్యాకరణమున కాల్డ్వెల్ తుర్కీ మొదలగు భాషలను 'సిథియన్' అను పేరుతో చేర్చి, ద్రావిడభాషలకు వానితో బాంధవ్యము నూహించినాడు. ఆ యూహ నేటి భాషాశాస్త్రమున అంగీకృతము కాదు. ద్రావిడము స్వతంత్రకుటుంబముగనే పరిగణింపబడుచున్నది.

కారణము స్పష్టము. బాంధవ్యము నిర్ణయించునవి నియతములైన ధ్వనిపరివర్తనములతో సరిపోలు మూలపదములును ప్రత్యయములును, వాక్యక్రమము కాదు. నీరు 'సు', కన్ను 'కొౙ్', చేయి 'కొల్', రెండు 'ఎకి'. వీనికిని మన పదములకును పొందిక లేదు. కలపుకొనదగిన పదములు కొన్ని ఉన్నవి: కలమ్–కలము, దుకెన్–దుకాణము, బౙర్–బజారు. ఇవి అరబ్బీపారసీకములనుండి ఇరువురును తెచ్చుకొన్న యెరువుసొమ్ము. క్రియ తుదనుండుట, విశేషణము ముందుండుట, ప్రత్యయములు వెనుక చేరుట అనునవి కొరియా, జపాను, మంగోలియా భాషలలోను కన్పట్టును. ఒక లక్షణమున్నచోట దానితో పొత్తుగల మరికొన్ని లక్షణములు చేరుట తరచు. క్రియ తుదికి చేరినపుడు మధ్యక్రియలు అసమాపకములగుటయు, 'అను' ధాతువు 'అని'గా స్థిరపడుటయు ఆ కోవలోనివే.

కావున పరిశోధకవిద్యార్థి రెండు పొరపాటులనుండి తన్ను కాపాడుకొనవలెను. క్త్వార్థకము, 'అని', 'తినిచూచుట' మున్నగువానిని తెలుగునకే సొంతమైన సొగసులుగా భావించి మురియుట మొదటిది. వానిని చూచి బాంధవ్యమును ప్రకటించుట రెండవది. ఈ రెంటికి నడుమ నిలిచి చూచినపుడు నిజముగా మనవైనవి తేటపడును: క్రియలో మహదమహద్భేదము, మేము–మనము అను వివేకము, కాలముతో పనిలేక నిలిచిన 'చేయను' అను వ్యతిరేకరూపము. కజాఖులో వెదకి దొరకనివి ఇవియే. మన వ్యాకరణములలో వీని చరిత్ర ఇంకను లోతుగా పరిశీలింపదగియున్నది. పరాయిభాషాక్రియను నేర్చినవానికి కలుగు లాభములలో తన భాషనుగూర్చి సరియైన ప్రశ్న వేయగల్గుట యొకటి. ఆ ప్రశ్నలతోనే మన విద్యార్థులు ఈ భాషను సమీపింపవలెనని మా యాశయము.